కట్ట మీద నడుస్తున్నారు సరే, ఆ కట్ట ఎవరిది?

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పొద్దున్నే లేచి నడిచేవాళ్ళను ఎక్కడికి వెళ్తారని అడిగితే భద్రకాళి బండ్ అనో, వడ్డేపల్లి చెరువు కట్ట అనో, పబ్లిక్ గార్డెన్ అనో చెబుతారు. ఆదివారం వస్తే అదే జనం పాకాలకో, రామప్పకో, లక్నవరానికో బండి తీస్తారు. వీళ్ళు నలుగురు ఒకచోట చేరితే వినపడే మాటలు కూడా దాదాపు ఒకటే. చెరువులో నీళ్ళు ఎందుకు తీసేశారు, గేటు ఇంత తొందరగా ఎందుకు మూస్తారు, కట్ట మీద నీడకు చెట్లు ఎందుకు పెట్టరు, నిన్నటిదాకా నడిచిన దారికి ఇవాళ తాడు ఎందుకు కట్టారు, ఈ గుర్రపు డెక్క తీయమని అసలు ఎవరికి చెప్పాలి.

వీటికి విడివిడిగా జవాబులు వెతికితే అయోమయం పెరుగుతుందే తప్ప తగ్గదు. మనం అలవాటుగా "పార్కు" అనేసే చోట్లు చట్టం లెక్కలో నాలుగైదు రకాలు, ఒక్కోదానికి యజమాని వేరు, అది పుట్టిన కారణం వేరు. నడక కోసమే కట్టినవి వీటిలో చాలా తక్కువ. పాకాల పంటకు నీళ్ళివ్వడానికి కట్టింది, ఏటూరునాగారం అడవిని జంతువుల కోసం వదిలారు, ధర్మసాగర్‌లో ఉన్నది మనం తాగే నీళ్ళు. వీటన్నిట్లోనూ నడిచేవాళ్ళం ఆఖరున వచ్చి చేరాం. ఈ ఒక్క సంగతి తెలిస్తే పై ప్రశ్నల్లో సగం వాటంతట అవే విడిపోతాయని నా నమ్మకం, మిగతా సగానికి ఎవరి తలుపు తట్టాలో తెలుస్తుంది.

చెరువుతోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఈ ప్రాంతంలో నడక అంటే ముందు చెరువు కట్టే. కాకతీయుల కాలంలో, ముఖ్యంగా గణపతిదేవుడు ఏలిన 1199–1262 మధ్య, ఇక్కడ పెద్ద చెరువులు వరసగా వచ్చాయి. రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించింది 1213లో, దాని పక్కనే రామప్ప చెరువు. పాకాల, లక్నవరం, గణపురం చెరువులు కూడా ఆ కాలం నాటివే. రెండు గుట్టల మధ్య వాగు ఇరుకైన చోటు చూసి అడ్డంగా మట్టికట్ట పోస్తే వెనక లోయంతా నీరు నిలుస్తుంది, ఇదే వాళ్ళ పద్ధతి. అందుకే మన చెరువులకు కట్ట ఒకవైపే ఉంటుంది. మిగతా మూడువైపులా నేల మెల్లగా ఏటవాలుగా పైకి లేచి అడవిలోనో పొలంలోనో కలిసిపోతుంది. నీళ్ళు వదలడానికి తూము, నిండాక మిగిలిన నీళ్ళు పోవడానికి మత్తడి. చెరువు మత్తడి దుంకిందంటే ఊరంతా చూడటానికి వెళ్ళేది ఇప్పటికీ ఉంది. పై చెరువు మత్తడి నీళ్ళు కాల్వగుండా కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి పోతాయి కాబట్టి గొలుసుకట్టు చెరువులన్నాం.

నడిచేవాళ్ళకు దీంతో ఏం పని అంటారా? చాలా పనుంది.

కట్ట మీద నీడ గురించే చూడండి. మట్టికట్ట మీద పెద్ద చెట్లు పెంచడానికి ఇరిగేషన్ ఇంజనీర్లు ఒప్పుకోరు, దానికి గట్టి కారణం ఉంది. చెట్టు బతికున్నంత కాలం వేరు మట్టిని పట్టుకునే ఉంటుంది, చచ్చాక ఆ వేరు కుళ్ళి కట్ట లోపల గొట్టంలా ఖాళీ ఏర్పడుతుంది, నిండు చెరువు బరువుకు నీళ్ళు ఆ ఖాళీలోంచి దారి చేసుకుంటాయి, మట్టి కొంచెం కొంచెంగా కొట్టుకుపోయి చివరికి గండి పడుతుంది. ఎలుక బొరియలు, పీత బొరియలు చేసేదీ ఇదే పని. కట్ట నిండా తుప్పలుంటే ఈ బొరియలు కంటికి కనపడవు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో పూడిక తీయడంతో పాటు కట్టల మీద తుమ్మ, ముళ్ళకంప కొట్టించింది ఇందుకే. పచ్చదనం పోగొట్టారని అప్పుడు బాధపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఈ విషయంలో ఇంజనీర్ల మాటే సరైనది. ఎప్పటి నుంచో ఉన్న పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేయడం కూడా అంతే ప్రమాదం, దాని వేర్లన్నీ ఒకేసారి కుళ్ళుతాయి కదా. నీడ కావాలంటే అడగాల్సింది కట్ట దిగువన, కట్ట పాదానికి దూరంగా.

ఇంకో విషయం, రోజూ నడిచేవాళ్ళు తప్ప ఇంకెవరూ గమనించలేనిది. చెరువు నిండుగా ఉన్నప్పుడు కట్ట బయటివైపు కొద్దిగా ఊట రావడం మామూలే, ఆ నీళ్ళు తేటగా ఉంటే పెద్దగా భయపడక్కర్లేదు. అవి బురదగా వస్తున్నా, నిన్నటికంటే ఇవాళ ధార పెరిగినా లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. ఒకప్పుడు ఊళ్ళో ఇది కనిపెట్టే పని నీరటివాళ్ళది, వాళ్ళు రోజూ కట్ట పొడుగునా తిరిగేవారు. ఇప్పుడు చాలా చోట్ల ఆ పని చేసే మనిషి లేడు, పొద్దున్నే తిరుగుతున్నది వాకర్లే. బురద ఊట కనపడితే ఫొటో తీసి గ్రూపులో పెట్టి ఊరుకోకుండా వెంటనే ఇరిగేషన్ వాళ్ళకు ఫోన్ చేయండి. 2023 జూలై చివర్లో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడటం మనందరం చూశాం. ఆ వారంలోనే ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. అలాంటి వాన వచ్చినప్పుడు కట్ట మీదికి సెల్ఫీ కోసం వెళ్ళడం ఎంత పొరపాటో వేరే చెప్పాలా.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. చెరువు ఎక్కడి దాకా?

చూడ్డానికి ఇది ప్రశ్నే కానట్టు ఉంటుంది, నీళ్ళు ఎక్కడిదాకా ఉంటే చెరువు అక్కడిదాకా అనుకుంటాం. కానీ మూడువైపులా ఏటవాలు నేల కాబట్టి నీటి మట్టం ఒక్క మీటరు తగ్గితే అంచు చాలా దూరం వెనక్కి పోతుంది. దసరాకు మన కాళ్ళ దగ్గరున్న నీళ్ళు మే నెలలో ఎక్కడో మధ్యలో కనిపిస్తాయి, బయటపడ్డ నేల అంతా ఖాళీ జాగాలా కనపడుతుంది. అది ఖాళీ జాగా కాదు, చెరువు కడుపు, దాన్నే శిఖం అంటాం. తెలంగాణలో కొన్ని శిఖం భూములకు పట్టాలు కూడా ఉన్నాయి, నీళ్ళు లేనప్పుడు పంట వేసుకునే హక్కు ఆ పట్టాదారులకు ఉంటుంది, ఇల్లు కట్టే హక్కు మాత్రం ఉండదు. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. దాని అవతల బఫర్ జోన్. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఏ కట్టడమూ ఉండకూడదు. పది మీటర్ల కంటే వెడల్పున్న వాగుకో నాలాకో 9 మీటర్లు, సన్నవాటికి 2 మీటర్లు వదలాలి. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ మాటలు అందరి నోటా వినపడుతున్నాయి గానీ హైడ్రా పరిధి ఔటర్ రింగ్ రోడ్డు లోపలి వరకే, మన వరంగల్ దాని కిందికి రాదు. నియమం మాత్రం ఇక్కడా అదే.

ఇదంతా ఆస్తుల గొడవ, నడిచేవాళ్ళకు సంబంధం లేదు అనుకోకండి. మే నెలలో చెరువు చిన్నదైపోయిందని అందరూ అలవాటుపడ్డాక ఆ బయటి నేల మీద ముందు మట్టి పోస్తారు, ఆ తర్వాత కంచె, ఆ తర్వాత గది. మూడు నాలుగేళ్ళు వరసగా తక్కువ వానలు పడితే చెరువు అంతకుముందు ఎంతుండేదో కొత్తగా వచ్చినవాళ్ళకు తెలియదు. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో వరంగల్ కాలనీల్లోకి నీళ్ళు రావడానికి భారీ వాన ఒక కారణమైతే, చెరువు నుంచి చెరువుకు పోయే నాలాలు ఇరుకైపోవడం రెండో కారణం. ప్రతి కాలంలోనూ అదే దారిలో నడిచే మనిషికి నీళ్ళు నిండినప్పుడు ఏ చెట్టుదాకా, ఏ బండదాకా వచ్చాయో గుర్తుంటుంది. దసరా ముందు, మత్తడి పారుతున్నప్పుడు, తేదీ కనపడేలా ఒకేచోట నుంచి ఫొటో తీసి దాచుకోవడం చిన్న పనే. హద్దు రాళ్ళు మాయమైన చోట అది పనికొస్తుంది.

భద్రకాళి చెరువు సంగతి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే అన్ని చిక్కులూ అక్కడే కనిపిస్తాయి. 2015లో కేంద్రం 12 వారసత్వ నగరాలకు హృదయ్ పథకం పెట్టినప్పుడు వాటిలో వరంగల్ ఒకటి, భద్రకాళి బండ్ మీద నడక దారి, కూర్చునే చోట్లు, దీపాలు ఆ పథకం కింద వచ్చినవే. ఊరి మధ్యలో గుడి, గుట్టలు, నీళ్ళు అన్నీ ఒకేచోట కనిపించే దారి అది, దాని వల్ల వేలమందికి నడక అలవాటైంది. ఇందులో వంక పెట్టడానికేం లేదు. 2024 నవంబరులో పూడిక తీయడానికని చెరువులో నీళ్ళన్నీ కిందికి వదిలేశారు. చాలామంది కడుపు తరుక్కుపోయింది. పూడిక తీయడం తప్పా అంటే కాదు, ఏళ్ళ తరబడి నాలాల్లోంచి వచ్చిన మురికి, ప్లాస్టిక్, వదిలేసిన పూజా సామగ్రి అడుగున పేరుకుపోతే చెరువు లోతు తగ్గుతుంది, నీళ్ళు పచ్చబడతాయి, గుర్రపు డెక్క అల్లుకుంటుంది. ఆలోచించాల్సింది ఎంత తీయాలి, ఎక్కడ తీయాలి అన్న దగ్గర.

చెరువులో పక్షులు ఎక్కువగా బతికేది లోతు నీళ్ళలో కాదు. నీటికాకి, బుడుబుంగ లాంటివి మునిగి చేపలు పట్టుకుంటాయి, వాటికి లోతు పర్వాలేదు. కొంగలకు, ఉల్లంకులకు, చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే చాలా వలస పక్షులకు కావాల్సింది మోకాలి లోతు కూడా లేని అంచు, దాని పక్కనే తడి బురద. నీళ్ళు తగ్గేకొద్దీ కొత్త బురద బయటపడుతుంది, దాంట్లో పురుగులు, నత్తలు, చిన్న చేపలు దొరుకుతాయి. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, చెరువు మెల్లగా తగ్గే కాలంలో, నడకకు వెళ్ళేవాళ్ళకు పక్షులు ఎక్కువ కనిపిస్తాయి. చెరువు చుట్టూ ఒకే లోతుకు తవ్వేసి, నాలుగువైపులా రాయి పేర్చి, దాని మీద ట్రాక్ వేస్తే నీళ్ళు ఎక్కువ నిలుస్తాయేమో గానీ అంచు పోతుంది. అంచు పోతే పక్షి పోతుంది, అంచున మొలిచే తుంగ పోతుంది, ఆ తుంగ వడగట్టే మురికి నేరుగా నీళ్ళలో కలుస్తుంది. నేను గట్టిగా చెప్పదలిచింది ఇదే. చెరువుకు ఒక కట్ట చాలు, నడక దారి ఆ కట్ట మీదే ఉండనివ్వండి. మిగతా మూడువైపులా రింగు లాగా దారి వేయమని అడగొద్దు, ఎవరైనా వేస్తామంటే వాకర్లే ముందుండి వద్దనాలి. చుట్టూ ఒక రౌండు కొట్టాలన్న మన ముచ్చట కోసం చెరువును తొట్టిగా మార్చుకోవడం నాకు ఏ మాత్రం నచ్చదు.

చట్టం కాపాడదా అంటారేమో. ఇక్కడే ఎక్కువమందికి తెలియని విషయం ఒకటుంది. దేశంలో చిత్తడి నేలల రక్షణకు 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది. వాటిలో చిత్తడి నేల అంటే ఏమిటో చెబుతూనే కొన్నిటిని పక్కన పెట్టారు, తాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులు, సాగునీటి కోసం కట్టిన నిర్మాణాలు ఆ పక్కన పెట్టినవాటిలో ఉన్నాయి. మన కాకతీయుల చెరువులన్నీ సాగు కోసం కట్టినవే కదా! ఎనిమిది వందల ఏళ్ళుగా చేపలూ పక్షులూ మొసళ్ళూ బతుకుతున్న పాకాల లాంటి చెరువు కూడా, కేవలం మనుషులు కట్టారన్న కారణంగా, ఆ నియమాల గొడుగు కిందికి రావడం కష్టం. పాకాల అదృష్టం ఏమిటంటే దాని చుట్టూ ఉన్న అడవి అభయారణ్యం. ఊళ్ళో చెరువుకు ఆ రక్ష లేదు, దానికి ఉన్నది ఎఫ్‌టీఎల్, బఫర్, నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం, అంతే.

ఇక ఎవరిది అన్న ప్రశ్న. లక్నవరాన్ని తీసుకోండి. అక్కడ వేలాడే వంతెన, బోటు, కాటేజీలు టూరిజం వాళ్ళవి. నీళ్ళు ఇరిగేషన్‌వి, ఎప్పుడు తూము ఎత్తాలో ఆయకట్టు రైతుల అవసరాన్ని బట్టి వాళ్ళు నిర్ణయిస్తారు. చుట్టూ గుట్టల మీది అడవి అటవీశాఖది. నీళ్ళలో చేపలు మత్స్యకారుల సొసైటీవి. మనం టికెట్ కొన్నది మొదటివాళ్ళ దగ్గర, చెత్త వేస్తే పట్టుకునేది మూడోవాళ్ళు, నీళ్ళు తగ్గాయని కోప్పడాల్సింది రెండోవాళ్ళ మీద, అయితే కోప్పడే హక్కు మనకంటే గోవిందరావుపేట రైతుకు ఎక్కువ. ఊళ్ళో కూడా ఇంతే, కట్ట ఇరిగేషన్‌ది, దాని మీది సోకులు కుడావో (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మున్సిపల్ కార్పొరేషన్‌వో, మురికి మోసుకొచ్చే నాలా మళ్ళీ కార్పొరేషన్‌ది. అందుకే ఫిర్యాదు ఒకచోట ఇస్తే మాది కాదంటారు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని కాదు, నిజంగానే వాళ్ళది కాకపోవచ్చు.

ధర్మసాగర్ సంగతి ఇంకా వేరు. అక్కడ నీటి మట్టం వానను బట్టి మాత్రమే మారదు, దేవాదుల ఎత్తిపోతల పథకంలో ఏటూరునాగారం దగ్గర గోదావరి నుంచి తోడిన నీళ్ళు పైపుల్లో అక్కడికి వస్తాయి. మోటార్లు నడిస్తే ఎండాకాలంలోనూ నిండుతుంది, ఆగితే కార్తీకంలోనూ తగ్గుతుంది. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాల్వ గట్టు మీద నడిచేవాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి, నిన్న అడుగంటిన కాల్వలో ఇవాళ నిండా నీళ్ళు పోవచ్చు, సిమెంటు లైనింగ్ పాచిపట్టి జారుతుంది, పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పిల్లలతో నడవడానికి కాల్వ గట్టు అసలు వద్దు.

అడవి విషయంలో గందరగోళం ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే చెట్లు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి, గీతలు కాగితం మీద ఉంటాయి. మొదటిది పట్టణాల దగ్గర అటవీశాఖ తయారుచేసిన అర్బన్ ఫారెస్ట్ పార్కులు. రిజర్వ్ ఫారెస్టులో ఒక ముక్కకు కంచె వేసి, నడక దారి వేసి మనకోసం తెరిచారు, మిగతా బ్లాకును అలాగే వదిలారు. రాష్ట్రంలో ఇవి వందకు పైగా ఉన్నాయి, రోజూ నడవాలనుకునేవాళ్ళకు నేను ముందు చెప్పేది వీటి గురించే, ఎందుకంటే ఇక్కడ మన అడుగుల వల్ల జరిగే నష్టం లెక్క చూసుకునే దారి వేశారు. హంటర్ రోడ్డులోని కాకతీయ జూ, మనం వన విజ్ఞాన కేంద్రం అని పిలిచేది, ఇంకో రకం, అది జూ పార్కు కాబట్టి దాని వేళలు, నియమాలు జంతువులను బట్టి ఉంటాయి. రెండోది మామూలు రిజర్వ్ ఫారెస్టు. అందులోకి అనుమతి లేకుండా పోవడం అటవీ చట్టం ప్రకారం తప్పే, ఎవరూ ఆపలేదు కాబట్టి పోవచ్చని కాదు.

మూడోది అభయారణ్యం. పాకాల, ఏటూరునాగారం రెండూ 1950ల తొలినాళ్ళ నుంచి ఉన్నవి, రెండూ ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లకు పైనే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు రావచ్చో చెబుతుంది, డ్యూటీలో ఉన్న ఉద్యోగులు, లోపల ఉండటానికి అనుమతి ఉన్నవాళ్ళు, లోపల ఆస్తి హక్కున్నవాళ్ళు, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళు, ఇంకా పబ్లిక్ రోడ్డు మీద ప్రయాణం చేసేవాళ్ళు. మిగతావాళ్ళకు పర్మిట్ కావాలి, టూరిజం, ఫొటోగ్రఫీ, పరిశోధన లాంటి పనులకు దాన్ని ఇస్తారు. అంటే పస్రా నుంచి తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం పోయే 163వ జాతీయ రహదారి మీద మనం పోవచ్చు, కానీ కారు పక్కకు ఆపి, టేకు చెట్లు బాగున్నాయని లోపలికి అరకిలోమీటరు నడవడానికి ఆ రోడ్డు మనకు హక్కు ఇవ్వదు. అక్కడి కోయ, నాయకపోడు కుటుంబాలు తునికాకుకో ఇప్పపువ్వుకో లోపలికి పోతుంటే, వాళ్ళను పోనిచ్చి మమ్మల్ని ఆపుతారేంటని కొందరు గార్డుతో గొడవపడతారు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకు ఇచ్చిన హక్కు అది. వాళ్ళ బతుకు ఆ అడవిలో ఉంది, మనం రెండు గంటల కోసం వచ్చాం.

దారికి తాడు కట్టడం వెనక చాలాసార్లు ఉండేది నిప్పు భయం. మన అడవి ఎండుటాకు రాల్చే అడవి, ఫిబ్రవరి నుంచి మే దాకా నేల మీద ఆకు పరుచుకుని ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు. కొన్నిసార్లు కారణం పులి. ఛత్తీస్‌గఢ్ అడవుల వైపు నుంచి గోదావరి దాటి పులులు రావడం, ములుగు, భూపాలపల్లి, నర్సంపేట వైపు అడుగులు కనపడటం ఈ మధ్య జరుగుతూనే ఉంది. ఒక్కోసారి గాలివాన. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య వీచిన గాలికి వేల చెట్లు కూకటివేళ్ళతో పడిపోయాయి, అలాంటి చోట సగం విరిగి వేలాడే కొమ్మలు నెలల తర్వాత కూడా మీద పడతాయి.

వానాకాలంలో జలపాతాల సంగతి మాత్రం కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. వాజేడు దగ్గర బొగత జలపాతానికి దారి ఉంది, సిబ్బంది ఉన్నారు, నీళ్ళు ఎక్కువైతే ఆపేస్తారు, ఆపితే వెనక్కి రండి. వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర అడవిలోపలున్న ముత్యాలధార అలా కాదు. 2023 జూలైలో అక్కడికి పోయిన ఎనభై మందికి పైగా జనం, తిరిగొచ్చే దారిలో వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు వెళ్ళి తీసుకొచ్చారు. వాళ్ళు పోయేటప్పుడు వాగు దాటే ఉంటారు, అప్పుడు అది చిన్నగానే ఉండి ఉంటుంది. గుట్టల్లో వాగు పెరగడానికి మనం నిలబడ్డ చోట వాన పడక్కర్లేదు, పైన ఎక్కడో కురిస్తే చాలు. వాగు నీళ్ళు ఒక్కసారిగా ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఇటువైపే ఆగిపోవాలి.

చిన్న విషయాలు కొన్ని. రోడ్డు పక్కన కోతులకు అరటిపళ్ళు, బిస్కెట్లు వేయకండి, ఆ తిండికి అలవాటుపడి అవి అడవి వదిలి రోడ్డు మీదే కూర్చుంటాయి, బండ్ల కింద పడతాయి, ఆ తర్వాత ఊళ్ళోకి వచ్చి రైతు పంట మీద పడతాయి. చెరువులో చేపలకు బ్రెడ్డు, మరమరాలు వేయడం పుణ్యమని చాలామంది నమ్ముతారు, వాళ్ళ మనసు మంచిదే, కానీ తినగా మిగిలింది కుళ్ళి నీళ్ళలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఊరి చెరువుల్లో చేపలు చచ్చి తేలడం ఎక్కువగా పొద్దున్నే కనపడటానికి కారణం కూడా ఇదే కోవలోది. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే తిరిగి వాడుకుంటుంది, కాబట్టి తెల్లవారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. మురికి ఎక్కువై నాచు దట్టంగా పెరిగిన చెరువులో ఆ తెల్లవారుజామును చేపలు దాటలేవు. అది చూసి ఎవరో విషం కలిపారని పుకారు పుట్టించే ముందు ఏ నాలా వచ్చి కలుస్తోందో చూడండి.

పాము గురించి భయపడేవాళ్ళకు ఒక మాట. కట్ట రాళ్ళ సందుల్లో పాములుంటాయి, వానాకాలం సాయంత్రాలు రక్తపింజర, నాగుపాము, కట్లపాము తిరిగే వేళ. చీకటి పడ్డాక టార్చి, మూసి ఉన్న బూట్లు ఉండాలి. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, మంత్రం కోసం తిరగడం ఏదీ వద్దు, కరిచిన కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి చేరాలి.

ఎప్పుడు ఎక్కడికి అంటే, నా మట్టుకు అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా చెరువులు, అది కూడా ఎండ ఎక్కకముందే. రామప్ప కట్ట మీద గుడి తెరిచే వేళకు ముందు జనం తక్కువ, లకుముకి పిట్టలు, పాలపిట్టలు తీరిగ్గా కనిపిస్తాయి. మోదుగ పూసే కాలంలో పాకాల దారి చూడాలి. కరీంనగర్ వైపు వాళ్ళకు లోయర్ మానేరు డ్యాం ఉంది, 24 టీఎంసీల నీళ్ళ పక్కన పొడుగాటి కట్ట, గేట్లు ఎత్తేటప్పుడు మోగే సైరన్ వినపడితే దిగువన నది ఇసుకలో ఉన్నవాళ్ళు క్షణం ఆగకుండా గట్టెక్కాలి. మేడారం జాతర జరిగే ఏడాది జాతర ముందూ వెనకా కొన్ని వారాలు తాడ్వాయి వైపు నడక పెట్టుకోవద్దు, దారి భక్తులకు వదిలేయండి. ఏప్రిల్, మే నెలల్లో అడవి జోలికి పోకుండా ఊళ్ళో పార్కులతో సరిపెట్టుకోవడం మనకూ మంచిది, నీటి గుంట దగ్గరికి వచ్చే జింకలకూ మంచిది, అప్పుడు వాటికి ఉన్న నీళ్ళే కొన్ని.

ఆఖరుగా ఫిర్యాదు దారి. కట్టకు ఊట, బొరియ, తూము లీకేజీ అయితే ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు). దీపాలు, బెంచీలు, ట్రాక్ అయితే ఆ బోర్డు మీద పేరున్న సంస్థకు, కుడానో కార్పొరేషనో. మురికి నాలా అయితే కార్పొరేషన్‌కు, ఫ్యాక్టరీ వాసన వస్తే కాలుష్య నియంత్రణ మండలికి. శిఖంలో మట్టి పోస్తుంటే తహసీల్దారుకు, కాపీ ఇరిగేషన్‌కు. మీరు నడిచే చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు, సర్వే నంబర్లు కావాలంటే జిల్లా ఇరిగేషన్ ఆఫీసులో సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒకరు పెడితే చాలు, ఆ కాగితం జిరాక్సు తీసి కట్ట మీద రోజూ కలిసే వాకర్లందరికీ పంచండి.